తూర్పు గట్టు గాలి

ఆ కార్తీకమాసంలో మా వీధిలో నన్ను మెచ్చుకున్నవాళ్లు ఇద్దరే. ఒకరు మా కోడలు, రెండోది నేను. మిగతావాళ్లంతా నాకు మతి పోయిందన్నారు. చేతికొచ్చే పంటను తీసుకెళ్లి కోడలి ఆటబొమ్మకు అప్పజెప్పానన్నారు. అననీ అని ఊరుకున్నాను. ఊరుకున్నానంటే మాట పడ్డానని కాదు, తిరిగి అనడానికి రోజంతా ఉంది కదా అని.

గొడవ మందు ట్యాంకు దగ్గర మొదలైంది. చోడవరం నుంచి మాడుగుల వెళ్లే రోడ్డుకు దిగువన మా పొలం. మా ఆయన గణపతిరావు చెరకు మానేసి కూరగాయల్లోకి దిగాక ఆ ట్యాంకు ఆయన వీపు దిగలేదు. బీరకైనా, ఆనపకైనా, వంగకైనా వారం తిరిగేసరికి మందు పడాల్సిందే. తెగులు ఉందా లేదా అని చూసేది లేదు. తలంటు పోసుకున్నట్టు వారానికోసారి మందు.

ఆ వేసవిలో వంగతోటకు మందు కొడుతూ కొడుతూ గట్టు మీద కూలబడ్డాడు. నేను పరుగెత్తి వెళ్లేసరికి నోటివెంట చొంగ, ఒళ్లంతా చెమట, కంటిపాప ఆవగింజంత అయిపోయింది. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాం. బతికాడు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి గుసగుసలాడలేదు, ఆయన మొహం మీదే చెప్పాడు. మళ్లీ మందు ముట్టుకుంటే ఈసారి నా దగ్గరికి తేవద్దు, తెచ్చినా లాభం ఉండదు అన్నాడు. ఇంటికి వచ్చాక ఆయన వేళ్లు వణికేవి. చొక్కా గుండీ పెట్టుకోలేక నన్ను పిలిచేవాడు. పిలవడానికి సిగ్గుపడి ఒక్కోరోజు గుండీలు లేకుండానే తిరిగేవాడు.

నేను ఆ ట్యాంకును పాత సామాన్ల బండివాడికి ఇచ్చేసి రెండు ప్లాస్టిక్ బిందెలు తీసుకున్నాను. ఆయన నాతో మాట్లాడడం మానేశాడు. ఆ బిందెలతోనే నీళ్లు మోసి ఆయన స్నానానికి పెట్టాను.

ట్యాంకు పోయింది సరే, పంట మాటేమిటి? వానలు తగ్గుముఖం పట్టగానే బీర పెట్టాం. కార్తీకంలో మా వైపు ఇంటింటా నీచు మానేస్తారు, బీరకాయకు అప్పుడున్న గిరాకీ మరెప్పుడూ ఉండదు. ఆ నెలే మంచు పడుతుంది, మంచుతో పాటే బూజు తెగులు వస్తుంది. మందు లేకపోతే పందిరి మిగలదని ఆయన. మందు కొడితే మనిషి మిగలడని నేను. కూలికి ఎవరినైనా పెట్టి కొట్టిద్దాం అన్నాడు పరవాడ ఫ్యాక్టరీ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన మా అబ్బాయి.

"కూలోడికి మాత్రం పెళ్లాం ఉండదేటిరా?" అన్నాను. వాడు అన్నంలో చేయి పెట్టాడు.

మా కోడలు కీర్తి చోడవరంలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఈ గొడవంతా విని, కంచం తీసేసి వచ్చి నా పక్కన కూర్చుంది.

"అత్తా, బూజు తెగులు గాల్లో వస్తాది. గాల్లో ఉన్నప్పుడే పట్టుకున్నామనుకో, అది వచ్చినప్పుడే మందు సంగతి చూసుకోవచ్చు. రాకపోతే మందే అక్కర్లేదు."

"గాల్లోది పట్టుకోడమేటే? అదేటి దోమా?"

"దోమ దాని ముందు ఏనుగు. సిద్ధబీజం అంటారు, తెగులుకి విత్తనం లాంటిది. కంటికి ఆనదు. నాకు మైక్రోస్కోపుంది కదా."

ఆ ఆదివారం కూర్చుని తయారుచేసింది. బొమ్మకారులోంచి పీకిన మోటారును వెదురుగడ చివర కట్టింది. దానికి అడ్డంగా ఒక పుల్ల, పుల్ల రెండు కొసలా చిన్న గాజుపలకలు, పలకల మీద వాజిలైన్ పూత. వాన పడకుండా మోటారు మీద పెరుగు డబ్బా బోర్లించింది. స్విచ్చి వేస్తే పుల్ల గిర్రున తిరుగుతుంది, గాల్లో పోయేదేదైనా వచ్చి పలకకు అంటుకుంటుంది. వాళ్ల కాలేజీ మేడమ్ ఒకప్పుడు చూపించిందట. అలాంటివి రెండు చేసి తూర్పు గట్టు మీద ఒకటి, పడమటి గట్టు మీద ఒకటి పాతింది. ల్యాబు ఓనరుకు మాడుగుల హల్వా పెట్టి, భోజనాల వేళ మైక్రోస్కోపు వాడుకోవడానికి ఒప్పించింది.

తూర్పు గట్టుకు అవతలి పొలం మా బావగారిది, అంటే మా ఆయన అన్న సన్యాసిరావుగారిది. ఆయన గట్టు మీద నిలబడి ఆ తిరిగే పుల్లను చాలాసేపు చూశాడు.

"ఏటి కోడలా, గాలికి దిష్టి తీస్తన్నావా?"

"కాపలా పెట్టేను పెదమావయ్యా."

"కాపలాకైతే కుక్కని కట్టాల గాని, ఈ పంకా ఎవుర్ని కరుస్తాదమ్మా?"

కీర్తి నవ్వింది. నాకు ఒళ్లు మండింది. కాని మా ఇళ్లల్లో బావగారి ఎదుట ఆడవాళ్లు గొంతెత్తరు. చెప్పాల్సింది ఉంటే మొహం పక్కకు తిప్పి గోడకు చెప్పినట్టు చెప్పాలి, ఆయన వినాలి. కాపురానికి వచ్చినప్పటి నుంచి నేను గోడకే చెబుతున్నాను.

రోజూ పొద్దున్నే కీర్తి పలకలు మార్చి, పాతవి టిఫిను డబ్బాలో పెట్టుకుని స్కూటీ మీద వెళ్లేది. సాయంత్రం నేను గుమ్మంలో ఎదురుచూసేదాన్ని, పరీక్ష ఫలితాలకు చూసినట్టు.

"ఏటీ లేదు అత్తా. దుమ్ము, పుప్పొడి, పొయ్యిల మసి."

"ఏటీ లేదంటే, సూడ్డం రాలేదేమో," అనేవాడు మా ఆయన లోపలి నుంచి. ఆ చుట్టుపక్కల పొలాలన్నిటిలో వారం వారం మందు పడుతోంది. మా పందిరి కింద మాత్రం బీరపువ్వు వాసన వస్తోంది. నాకూ భయంగానే ఉండేది, కాదని ఎందుకు చెప్పాలి? పిల్ల తప్పు చూస్తే పంట పోతుంది. పంట పోతే ఆయన ట్యాంకు ఎత్తుతాడు, ఇక నా మాట ఎవరూ వినరు.

ఒకరోజు ఉండబట్టలేక ల్యాబుకే వెళ్లాను. దేవరాపల్లి వైపు ఎక్కడో తెగులు పట్టిన దోసాకు తెచ్చి, దాని బూజును పలక మీద రాసి ఉంచింది కీర్తి, నాకు చూపించాలని. ఒక కన్ను మూసి రెండో కంటితో చూశాను. ముందు నా కనురెప్పే కనబడింది. తరువాత నిమ్మకాయలు. అచ్చం నిమ్మకాయలే, ఒక కొసన బొడిపెతో సహా. బూడిదరంగులో ఉన్నాయి, గుంపులు గుంపులుగా.

"ఇయ్యేనా?"

"ఇయ్యే అత్తా. మన పలక మీద ఇయి పడినరోజు మనకి పని పడినట్టు."

"దిష్టికి నిమ్మకాయలు కట్టుకున్నాం గాని, నిమ్మకాయలే దిష్టి అయిపోతాయనుకోలేదే," అన్నాను. పక్కన రక్తం ఇవ్వడానికి కూర్చున్న ముసలాయన కూడా నవ్వాడు. నేను మాత్రం బస్సులో ఇంటికి వచ్చేదాకా కళ్లు మూస్తే అవే చూశాను. ఆ రోజు నుంచి పిల్ల చూపు మీద నాకు అనుమానం పోయింది.

దీపావళి వెళ్లిన తెల్లారి మంచు దిగింది. గట్టు మీద నిలబడితే పందిరి కనబడలేదు. మా ఆయన చీకటితోనే లేచి ఎటో వెళ్లాడు. వచ్చేటప్పుడు భుజాన అన్నగారి ట్యాంకు ఉంది. నేను పందిరి దారికి అడ్డం నిలబడ్డాను.

"తప్పుకో."

"తప్పుకోను."

"మంచు సూసేవా? పాదు పోతాదే."

"పోతే పోనీండి. పాదు ఏడాదికి రెండుసార్లు ఏసుకుంటాం. మిమ్మల్ని ఎన్నిసార్లు ఏసుకుంటామండీ?"

ఆయన నన్ను తప్పించుకుని ట్యాంకు కింద పెట్టి, మూత బిగించబోయాడు. మర పట్టలేదు. మళ్లీ తిప్పాడు. వేళ్లు వణుకుతున్నాయి, మూత పక్కకు జారిపోతోంది. నేను చూస్తున్నానని ఆయనకు తెలుసు. కాసేపటికి అది అక్కడే వదిలేసి, తల దించుకుని ఇంటివైపు వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆ ట్యాంకు మోసుకెళ్లి బావగారి గుమ్మంలో పెట్టి గోడకు చెప్పాను.

"ఇది మా ఇంటికి మళ్లీ పంపొద్దని సెప్పండి."

నాగుల చవితి ముందురోజు కీర్తి సాయంత్రం దాకా ఆగలేదు. మధ్యాహ్నమే స్కూటీ తిప్పుకుని వచ్చేసి, హెల్మెట్ కూడా తీయకుండా పొలంలోకి దిగింది.

"అయి వచ్చేసేయి అత్తా. తూర్పు పలక నిండా నిమ్మకాయలే. పడమటి దాని మీద ఒకటో రెండో."

"అంటే?"

"అంటే తూర్పునించి వస్తన్నాయి. దగ్గర్నించే."

ఇద్దరం గట్టు దాటాం. బావగారి దోస కాపు ఎప్పుడో అయిపోయింది, పాదులు మాత్రం పీకకుండా వదిలేశాడు. ఆకుల మీద నరాల మధ్య గళ్లుగళ్లుగా పసుపు మచ్చలు. కీర్తి ఒక ఆకును మెల్లగా తిప్పింది. వెనుకంతా బూడిదరంగు బూజు. మా బీర ఆకుల మీద ఇంకా మచ్చ పడలేదు. వారం వారం మందు తాగిన పొలంలో తెగులు, ఏమీ తాగని మా పందిరి పచ్చగా ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మనదాని మీద ఒకసారి మందు కొట్టిస్తే ఆగదేటే?" అని అడిగాను. నోటివెంట ఆ మాట వచ్చినందుకు నాకే కష్టమైంది.

"ఈ పాదు ఉన్నంతకాలం రోజూ కొత్తవి వస్తానే ఉంటాయి అత్తా. మనం కొడతానే ఉండాల. ఇది పోవాల. అదీ మంచు మీదే పీకాల. ఆకు తడిగా ఉన్నంతసేపు బీజం లేవదు. ఎండ తగిలి ఆకు ఆరిందంటే గాల్లోకి ఎగిరిపోతాది. తెల్లారగట్ల పీకి సంచుల్లో కుక్కేసి మూతి కట్టేయాల."

తెల్లారితే చవితి. వీధి మొత్తం పాలు పోసే పుట్ట ఆ దోస పొలం నడిమధ్యలో ఉంది. నాగుల చవితి నాడు మా వైపు భూమి మీద పార వేయరు, కత్తి పట్టరు. కూరలు కూడా తరగరు.

సాయంత్రం బావగారి అరుగు దగ్గరికి వెళ్లి గోడకు సంగతంతా చెప్పాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. నెమ్మదిగానే విన్నాడు.

"అయిపోయిన పాదు పీకడానికి నాకేటమ్మా కష్టం? గాని పుట్ట సుట్టూ పచ్చ ఉండాల చవితికి. మా తాతల నాటి మాట. రేపు ఆ భూమ్మీద పార పడకూడదు, కత్తి పడకూడదు. చవితి ఎల్లనీ. ఎల్లుండి నేనే గట్టి మందు కొడతాను, మీ బీరక్కూడా కొట్టేస్తాను. తమ్ముడు సెయ్యి పెట్టక్కర్లేదు. సరేనా?"

మా తోటికోడలు చిన్నతల్లి లోపల రోట్లో చిమ్మిలికి నువ్వులు దంచుతోంది. ఆవిడ మొగుడి మాటకు ఎదురు చెప్పగా ఎవరూ వినలేదు. రోకలి ఒక్కసారి ఆగింది, మళ్లీ మొదలైంది.

ఇంటికి వస్తే మా ఆయన తయారుగా ఉన్నాడు. "అన్నయ్య కొడితే నేను సూస్తా కూకోవాలా? నా పొలానికి నేనే కొట్టుకుంటాను. నన్ను ఎన్నాళ్లు ఇంట్లో కట్టేస్తావే?" అన్నాడు. అప్పుడు నాకు తేలిపోయింది. ఆ దోస పాదు ఎల్లుండి దాకా ఉంటే, ఎల్లుండి ఈయన వీపు మీద ట్యాంకు ఉంటుంది.

తెల్లారుజామున తలారా స్నానం చేసి, తడిచీరతోనే పాలచెంబు, చలిమిడి పట్టుకుని బయలుదేరాను. కీర్తి ఖాళీ ఎరువు సంచులు చంకన పెట్టుకుని వెనుక వచ్చింది. మంచు అడుగు దూరం కనబడనివ్వడం లేదు. ఇంకా ఎవరూ రాలేదు. ముందు పుట్టలో పాలు పోశాను. పసుపు కుంకుమ చల్లి దండం పెట్టాను.

"తల్లీ, ఆ మందు నీ పిల్లల మీద కూడా పడతంది. నేను కత్తి తేలేదు, పార తేలేదు. సేతులు తెచ్చేను," అన్నాను.

కూర్చుని మొదటి పాదు మొదలు పట్టుకుని లాగాను. నేల మెత్తగా ఉంది, వేళ్లతో సహా వచ్చింది. విదల్చకుండా చుట్టచుట్టి సంచిలో పెట్టాను. దోసతీగ నూగు అరచేతుల్లో గరగరలాడింది. కీర్తి అవతలి నుంచి మొదలుపెట్టింది. కొంత చోటు ఖాళీ అయ్యేసరికి టపాకాయల చప్పుడుతో వీధి దిగింది. పిల్లలు, పాలచెంబులు, అరటిపళ్లు. నన్ను చూసి అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"చవితినాడు పచ్చని పాదు పీకతంది, సూడండి!" అని ఎవరో ఆడమనిషి గొంతు. "పిల్లాపాపలున్న ఊరు ఇది!" అని మరొకరు. నేను తలెత్తకుండా ఇంకో పాదు పట్టుకున్నాను.

బావగారు గుంపును తప్పించుకుని ముందుకు వచ్చాడు. "ఏటమ్మా దుర్గా ఇది?"

నేను లేచి నిలబడ్డాను. మొహం పక్కకు తిప్పలేదు. చుట్టూ మంచే, గోడ ఎక్కడుంది?

"బావగారూ, కత్తి పట్టలేదు, పార పట్టలేదు. అమ్మోరికి పాలు పోసేకే సెయ్యేసేను. ఎండెక్కితే ఈ తెగులు లేచి నా పందిరి మీద పడతాది. పడిందంటే మీ తమ్ముడు మందు కొడతారు. కొడితే నాకు మనిషి దక్కడు. మీకు కోపమొస్తే తిట్టండి. మీరు తిడతా ఉండండి, నేను పీకతా ఉంటాను."

ఆయన మొహం ఎర్రబడింది. నా మొహం కూడా ఎర్రబడే ఉంటుంది. గుంపులోంచి మా ఆయన వచ్చాడు. అన్నను చూశాడు, నన్ను చూశాడు. అన్నగారి మాట దాటని మనిషి. నన్నేదో అంటాడనుకున్నాను. వంగి ఒక సంచి తీసుకుని, నా ముందు మూతి తెరిచి పట్టుకున్నాడు. ఆ చేతుల్లో సంచి వణుకుతోంది. పట్టు మాత్రం వదలలేదు.

ఏం జరిగిందో ముందే చెప్పేస్తాను. ఆ ఏడు మా బీర నిలిచింది. తూర్పు గట్టు పక్క వరస తెగులు తగిలి పోయింది, దాన్నీ మంచు మీదే పీకి పూడ్చాం. మిగతా పందిరి సంక్రాంతి వెళ్లేదాకా కాసింది. పలకల మీద నిమ్మకాయలు తగ్గుతూ తగ్గుతూ కనబడకుండా పోయాయి, మందు పడలేదు. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా నాగులమ్మ శాపమని నన్ను అన్నారు. శాపమైతే పీకినదానికి తగలాలి గాని పక్కింటివాళ్లకు తగలడమేమిటని కుళాయి దగ్గర అందరి ముందూ అడిగాను. అయినా తిట్టడం మానలేదు. ఇదంతా అందరికీ తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది ఆ పొద్దున పుట్ట దగ్గర జరిగింది.

బావగారు పుట్టవైపు తిరిగాడు. పూజ మొదలు కావాలి కదా, పెద్దవాడు ఆయనే. చెంబు అందుకుని పుట్ట ముందు వంగాడు. పాలు కన్నంలో పడలేదు, పుట్ట పక్కన మట్టి మీద పడ్డాయి. చెంబు సరిచేసుకుని మళ్లీ వంచాడు. మళ్లీ బయటే పడ్డాయి. అప్పుడు చూశాను ఆయన వేళ్లను. ఆ వణుకు నాకు కొత్తది కాదు, ఇంట్లో రోజూ చూసేదే. నా ఇంటికే వచ్చిందనుకున్నాను ఇన్నాళ్లూ. వీధి మొత్తం చూస్తోంది. పిల్లలు కూడా టపాకాయలు ఆపేశారు.

పక్కన దీపం పట్టుకున్న చిన్నతల్లి అక్క దాన్ని కింద పెట్టింది. మొగుడి చేతి మీద తన చేయి వేసి బిగించి పట్టుకుని పాలు కన్నంలో పోయించింది. చెంబు ఖాళీ అయ్యేదాకా వదలలేదు. దండం పెట్టుకుంది. తరువాత కొంగు నడుముకు దోపుకుని, నేరుగా వచ్చి నా పక్కన నేల మీద కూర్చుని, ఒక దోసపాదు మొదలు పట్టుకుంది.

"ఒలే, నువ్వూ ఏటే? లే," అన్నాడు బావగారు. "రేపు నేను మందు కొడతానన్నాను కదా."

"కొట్టరు," అంది ఆవిడ.

"ఏటీ?"

"మీరింక మందు కొట్టరు."

గొంతు పెంచలేదు, తల కూడా ఎత్తలేదు. పాదును వేళ్లతో సహా లాగి, చుట్టచుట్టి మా ఆయన పట్టుకున్న సంచిలో వేసింది. తూర్పున మంచు పలచబడుతోంది.

"దుర్గా, ఎండొచ్చేస్తంది. ఆ వరస నువ్వు పట్టు, ఈ వరస నాది," అంది.